గ్రహణం ముక్కలు

బాపు ఎక్స్‌రే ఫిల్మును ఏడు ముక్కలు చేసి వాడంతా పంచిపెట్టామని అమ్మ శనివారం పొద్దున చాలా మామూలుగా చెప్పింది. చాయ్‌లో చక్కెర సరిపోయిందా అని అడిగే గొంతుతోనే చెప్పింది.

"పంచుడేందమ్మా? అది పప్పు బెల్లమా?"

"గ్రహణం నాడు పంచిన. ఐదేండ్ల కింద క్రిస్మస్ తెల్లారి సూర్యునికి పట్టలే? నువ్వే గద ఫోన్‌ల జెప్పినవ్, వట్టి కండ్లతోటి సూడొద్దు, కండ్లు పోతయని. ఇంట్ల నల్లగున్నది అదొక్కటే ఉండె. మీ బాపు కోసిచ్చిండు, నేను పంచిన."

పదకొండేళ్లుగా నేను నల్లగొండలో ఒక దవాఖానలో ఎక్స్‌రేలు తీస్తున్నాను. మనుషుల ముఖాలు మరిచిపోయినా వాళ్ల పక్కటెముకలు గుర్తుండే ఉద్యోగం నాది. అలాంటిదాని పుట్టింట్లో, అదీ నా మాట మీదే, నాకు ఇప్పుడు ప్రాణమంత అవసరమైన ఫిల్మును కత్తెర పాలు చేశారు. గ్రహణాన్ని ఎక్స్‌రే ఫిల్ములోంచి చూడడం కూడా కళ్లకు మంచిది కాదని అప్పుడు చెప్పనేలేదు నేను. ఎవరి మీద అరవాలో తెలియక చాయ్ మీద అరిచాను.

"ఏం చాయమ్మా ఇది, పాకం లెక్కున్నది!"

సంగతేమిటంటే, బాపుకు మూడు నెలలుగా దగ్గు. సిమెంటు ఫ్యాక్టరీలో లోడింగు పని మానేసి ఆరు నెలలైనా ఆయాసం తగ్గలేదు. గురువారం నాడు మేళ్లచెరువు నుంచి నల్లగొండకు పిలిపించుకుని ఛాతీ ఎక్స్‌రే నా చేతులతో నేనే తీశాను. ప్లేటుకు ఆనించి నిలబెట్టి, అద్దం వెనక్కి వెళ్లి, రోజుకు వందసార్లు అనే మాటలే అన్నాను. "గాలి గట్టిగ పీల్చు... ఆపు." బటన్ నొక్కి "వదులు" అన్నాను. బాపు వదలలేదు. నేను వచ్చి భుజం తట్టేదాకా ఊపిరి బిగబట్టే నిలబడ్డాడు. చెవులు కూడా మందగించాయనుకున్నాను.

తెర మీద, కుడివైపు కాలర్ ఎముక కింద, రెండో మూడో పక్కటెముకల నడుమ శనగగింజంత మచ్చ కనిపించింది.

మా ఊపిరితిత్తుల డాక్టరు అమరేందర్ గారు శుక్రవారం సీటీ స్కాన్ కూడా తీయించారు. కఫం పరీక్షలో టీబీ లేదని వచ్చింది. అంటే ఇక మిగిలింది పెద్ద రోగమైనా కావాలి, పాత పుండు మానిన మచ్చైనా కావాలి.

"మచ్చ ఉన్నదని స్కాన్ చెప్తది మల్లికా, ఎప్పటిసంది ఉన్నదో చెప్పదు" అన్నారాయన. "పాత ఫిల్ములు ఉన్నయా?"

ఫ్యాక్టరీలో చేరేటప్పుడు, తెలంగాణ వచ్చిన ఏడు తీసిన పెద్ద ఫిల్ము ఒకటి అమ్మ పెట్టెలో భద్రంగా ఉంటే గురువారం వచ్చేటప్పుడే బాపుతో తెప్పించాను. సార్ దాన్ని వెనక లైటు వెలిగే పెట్టెకు తగిలించి చాలాసేపు చూశారు. ఆ జాగాలో ఏమీ లేదు.

"పదేండ్ల కింద లేదు, ఇయ్యాల ఉన్నది. నడుమల తీసింది ఒక్కటి దొరికితే చాలు. రెండేండ్లకు పైబడి ఇదే సైజుల ఉన్నట్టు సూపించు, సూది వద్దని నేనే రాసిస్త. లేకుంటె సోమవారం హైదరాబాద్‌ల సూదేసి ముక్క తీయాలె."

ఆ సూదే నా భయం. ఏళ్ల తరబడి దుమ్ము తిని బాపు ఊపిరితిత్తులు ఉబ్బి పలచబడిపోయాయి. అందులో సూది దిగితే గాలి కారి ఊపిరితిత్తి ముడుచుకుపోయే ప్రమాదం ఈయనకు చాలా ఎక్కువని సార్ దాచకుండా చెప్పారు. నడుమల తీసింది ఒకటి ఉంది. రెండువేల పందొమ్మిదిలో హుజూర్‌నగర్‌లో ఒక చిన్న సెంటరులో తీశారు. కరోనాలో ఆ సెంటరు మూతపడింది, కంప్యూటరు ఏ పాత సామాను కొట్లో ఉందో దేవుడికెరుక. కాబట్టి ఫిల్మే గతి. అది ఉంటుందన్న ధీమాతోనే శనివారం మొదటి బస్సుకు, నాలుగేళ్ల నా కూతురు శోభను వెంటబెట్టుకుని, బాపుతో పాటు ఊరికొచ్చాను.

చాయ్ వదిలేసి బయటికి వస్తే బాపు వేపపుల్లతో పళ్లు తోముకుంటున్నాడు. ఆకుల మీద, కప్పు మీద, ఆరేసిన బట్టల మీద ఎప్పటి సిమెంటు బూడిదరంగే.

"పోనీయ్ బిడ్డా. ఉన్నదేందో ఉన్నది. ఇప్పుడు పాతవన్ని తవ్వుడెందుకు?" అన్నాడు నన్ను చూడకుండా.

"సోమవారం పొడిచేది నిన్ను బాపూ, నన్ను గాదు. నీకు లేని ఆరాటం నాకెందుకు?"

అప్పుడే శోభ "తాతా!" అంటూ పరుగెత్తింది. బాపు ఎప్పటిలాగే తువ్వాల కొస మూతికి అడ్డం పెట్టుకుని, రెండో చెయ్యి ముందుకు చాపి, "దూరం దూరం. అవ్వ తానికి పో" అన్నాడు. అది పుట్టిన దగ్గర్నుంచీ ఇదే తంతు. ఒక్కరోజు ఎత్తుకోలేదు, ఒక్క ముద్దు పెట్టలేదు. మా అన్న దశరథ్ కొడుకును మాత్రం మూడేళ్లు నిండేదాకా భుజం దించలేదు. చర్చికి, సంతకు, లారీల అడ్డాకు వాణ్ని మోసుకునే పోయేవాడు. ఆడపిల్లని మోస్తే భుజం అరుగుతుందేమో అని నాలుగేళ్లుగా కడుపులో రగులుతూనే ఉంది నాకు. అయినా కన్నతండ్రి కదా. కసితోనే ముక్కల వేటకు బయల్దేరాను.

మొదటి ముక్క అమ్మ దగ్గరే, బియ్యం డబ్బా మూత కింద దొరికింది. రెండోది అన్న ఇంట్లో వాడి కొడుకు పుస్తకాల్లో ఉంది. ఆ రెండు దొరికేసరికి ఇదేం పెద్ద పని కాదనిపించింది.

జాకెట్లు కుట్టే తిరుమల దగ్గర మూడోది దొరికింది. అయితే నిండుగా లేదు. మెడ గీసుకోవడానికి ఒక పక్క సున్నాలా గుండ్రంగా కత్తిరించేసింది.

"మస్తు పనికొస్తది అక్కా, వంగుతది, చిరగది. మన వాడల సగం మంది జాకెట్ మెడలు దీని మీదనే కోసిన" అంది మురిసిపోతూ.

మా బాపు గుండె అంచు వాడలో సగం మంది వీపుల మీద ఉందన్నమాట. కోపంగా ఉన్నా నవ్వొచ్చింది. ఇవ్వను పొమ్మన్న తిరుమలకు అదే కొలతలో అట్టముక్క కత్తిరించి ఇచ్చి ఆ ముక్క తెచ్చుకున్నాను.

శ్యామలమ్మ పెద్దమ్మ ఇంట్లో ప్రాణం పోయినంత పనైంది. పొయ్యి పైన గోడకున్న కంతకు ఆమె ఆ ముక్కను మేకులు కొట్టి బిగించింది. ఈ రకం ఫిల్ముకు వేడి తగిలితే నల్లబడుతుంది. ఐదేళ్లు పొయ్యి సెగ తిని అది పెనంలా అయింది, ఎండకెత్తి పట్టుకుంటే వెలుగు గీత కూడా రాలేదు. మచ్చ ఉన్న జాగా ఇదే అయితే ఇక చూసేదేం లేదు.

"గంత పనికొచ్చేదా బిడ్డా? జెప్తే అల్మారల పెట్టుకోకపోదునా" అని పెద్దమ్మ నొచ్చుకుంది.

ఒక మూల గుండ్రంగా ఉండడం చూసి కొంచెం ఊపిరొచ్చింది. ఫిల్ముకు మూలలే అలా గుండ్రంగా ఉంటాయి. మచ్చ మూలలో లేదు.

గొర్లు కాసుకునే గుర్వమ్మత్త ఇంటికి పోతే అక్కడ ఇంకో గొడవ. ఆ నాడు వాళ్లింట్లో చూలాలు ఉందని తలుపులేసుకుని ఎవరూ గడప దాటలేదట. అయినా మామ గురవయ్య అమ్మ ఇచ్చిన ముక్క తీసుకుని, గొర్ల వెంట గుట్టెక్కి దొంగతనంగా చూసొచ్చాడట. ఆ సంగతి ఆమెకు నా వల్ల ఐదేళ్ల తర్వాత తెలిసింది. ఆమె తిట్లు, ఆయన నవ్వు, దొడ్డి చూరులోంచి తీసిన ముక్క. ఇంకో ముక్క చర్చిలో గంట కొట్టే ముసలాయన కళ్లద్దాల పెట్టెలో దొరికింది.

ఆరు. ఏడోది మా వాడ కుర్రాడు నరేశ్ పట్టుకుపోయాడు. వాడు నందికొండకు పోయి చేపల పడవ నడుపుతున్నాడు. ఫోన్ చేస్తే ఎత్తడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆదివారం ప్రార్థనకు పోకుండా అన్న బండి మీద నందికొండ పోయాం. నా తొందరకు అన్న విసుక్కున్నాడు గానీ బండి మాత్రం ఎక్కడా ఆపలేదు. నరేశ్ గాలాలు పెట్టుకునే రేకు డబ్బాలో, గాలాలు డబ్బాకు గుచ్చుకోకుండా అడుగున పరుచుకున్నాడు దాన్ని. చిల్లులు పడింది. అందులో కాలర్ ఎముక నిండుగా ఉంది. ఆ ఒడ్డునే నాకు ఏడుపొచ్చింది. నరేశ్ హడలిపోయి "నేనేం జేయలే అక్కా" అన్నాడు.

మధ్యాహ్నానికి తిరిగొచ్చి, అన్న కొత్త ఇంటి కిటికీ అద్దానికి పడమటి ఎండ తగులుతుండగా పని మొదలుపెట్టాను. ఎడమ అద్దానికి పాత ఫిల్ము, కుడి అద్దానికి గురువారం తీసిన ఫిల్ము. నడుమ అద్దానికి ముక్కలు, ఒక్కొక్కటీ బ్యాండేజీ టేపుతో. శ్యామలమ్మ నల్ల ముక్క కింది మూలకు సరిపోయింది. పక్కటెముకలు పైనుంచి లెక్కపెట్టుకుంటూ ఒకదాని కొస ఇంకోదానికి కలిపాను. బాపు ఎప్పుడో లారీ మీద నుంచి పడి కాలర్ ఎముక విరగ్గొట్టుకున్నాడు. అది వంకరగా అతికి, చెరుకు కణుపులా బుడిపె కట్టింది. మూడు ఫిల్ముల్లోనూ ఆ బుడిపె ఉంది. దాన్ని గుర్తుగా పెట్టుకుని మూడింటినీ ఒక్క ఎత్తున నిలబెట్టాను.

ఏడు ముక్కలూ పట్టాయి. తిరుమల కోసేసిన మెడ వంపు గుండె పక్కది, దాంతో పని లేదు. అయినా ఫిల్ము పూర్తి కాలేదు.

కాలర్ ఎముక కింద, సరిగ్గా రెండో మూడో పక్కటెముకల జాగాలో, అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్ద కంత మిగిలింది. అందులోంచి ఎండ నా ముఖాన కొట్టింది. నేను దాని అంచులు వేలితో తడిమాను. మిగతా కోతలన్నీ అడ్డదిడ్డంగా ఉన్నాయి, పిల్లలు తొందర పెడుతుంటే కోసినవి. ఈ నాలుగు అంచులు మాత్రం గీత గీసి కోసినట్టు తిన్నగా ఉన్నాయి. గ్రహణం కోసం కోసింది కాదు ఇది. ఇదే ముందు కోశారు. ఆ తర్వాతే మిగతాది పంచారు.

అమ్మ ఏడే పంచింది. కోసింది బాపు.

ఇంటికి పరుగెత్తాను. బాపు అరుగు మీద కూర్చున్నాడు.

"ఎనిమిదోది ఏది బాపూ?"

ఏమీ తెలియనట్టు ముఖం పెడతాడనుకున్నాను. పెట్టలేదు. లేచి లోపలికి పోయి, దండెం మీద పాత చొక్కా కింద వేలాడుతున్న ఫ్యాక్టరీ గేటు పాసు తెచ్చాడు. ప్లాస్టిక్ కవరులో ముందు ఫోటో. వెనక అట్ట తీసి, దాని చాటు నుంచి ఆ ముక్క పైకి లాగాడు. పాసు సైజుకే కోశాడు. నాలుగున్నరేళ్లు అది మెడలో వేసుకునే డ్యూటీకి పోయాడు.

"హుజూర్‌నగర్‌ల ఫొటో తీసినోడు జెప్పిండు, జానయ్యా, మచ్చున్నది, పెద్ద డాక్టరుకు సూపియ్యి అని. సూపిస్తె గేటుకాడికెల్లి ఎల్లగొడ్తరు. మా అన్న గూడ గిట్లనే మచ్చ అన్నంక రెండేండ్లకు రక్తం కక్కి పోయిండు. ఫ్యాక్టరీల ఫిల్ము పోయిందని జెప్పిన. గ్రహణం నాడు మీ అమ్మ అడిగితె ఇదే మంచి మోకా అనుకున్న. మచ్చ కాడికి కోస్కొని మిగిలింది ఇచ్చేసిన."

"పారేయకపోయినవా మరి?"

"పారేస్తె ఎవలకన్న దొరుకుతదని భయం. కాలిస్తె వాసన. మెడల ఉంటె ఎవలు సూస్తరు?"

"రెండు రోజుల సంది వాడంత కుక్కలెక్క తిరుగుతున్న బాపూ! సూసుకుంట కూసున్నవా?"

"ఇచ్చుడెట్ల బిడ్డా? కొత్త మచ్చంటె డాక్టర్లు మందన్న ఇస్తరు. ఐదేండ్ల సంది ఉన్నదంటె, ముదిరిపోయిందని చేతులెత్తేస్తరు గదా."

నేను ఆ మచ్చ పాతదై ఉండాలని రెండు జిల్లాలు తిరుగుతుంటే, అది కొత్తదనుకోవాలని ఈయన ఇంట్లో దాచిపెట్టుకుని కూర్చున్నాడు. నేనూ ఒక్కసారి కూర్చోబెట్టి చెప్పలేదు. డాక్టరు మాటలన్నీ అన్నకు చెప్పాను, అమ్మకు చెప్పాను, ఫోన్‌లో మా ఆయనకు చెప్పాను. జబ్బు ఎవరిదో ఆ మనిషికి మాత్రం సోమవారం సూది అని ఒక్క మాట పడేశాను.

ముక్క పట్టుకుని మళ్లీ అన్న ఇంటికి పోయాను. బాపు, అమ్మ వెనకే వచ్చారు. అంచులు కొంచెం నల్లబడినా నడుమ తేటగా ఉంది. కంతలో పెట్టగానే పక్కటెముకలు రెండూ ఇటూ అటూ కలిశాయి. నడుమ మచ్చ ఉంది. స్కేలు పెట్టి కొలిచాను.

తొమ్మిది మిల్లీమీటర్లు.

గురువారం ఫిల్ములో పన్నెండు.

పెరిగింది. స్కేలు చేతిలోంచి జారింది. అన్న "ఏమైందే?" అన్నాడు. వంగి స్కేలు తీస్తూ మళ్లీ అద్దం వంక చూసేసరికి ఒకటి తట్టింది. మూడు బుడిపెలనూ ఒక ఎత్తున నిలబెట్టాను గానీ, నడుమ ఫిల్ములో భుజాలు చిన్నగా ఉన్నాయి. ఆ చిన్న సెంటర్లలో ఫిల్ము ఆదా కోసం బొమ్మను కుదించి వేస్తారు. పదకొండేళ్ల అనుభవం ఉన్నదాన్ని, ఆ మాట మరిచాను. కాలర్ ఎముకను కొస నుంచి కొస దాకా కొలిచాను. గురువారంది పదహారు సెంటీమీటర్లు. నడుమది పన్నెండు. నాలుగింట మూడు వంతులు. ఆ లెక్కన నడుమ ఫిల్ము మచ్చ అసలు సైజు పన్నెండే.

నమ్మకం కుదరక మళ్లీ కొలిచాను. అన్నతో కొలిపించాను. పక్కటెముక మందం కొలిచాను. అన్నీ అదే చెప్పాయి. ఫోటోలు, కొలతలు సార్‌కు పంపాను. పావుగంటలో ఫోన్ వచ్చింది.

"ముక్కలెందుకైనయి మల్లికా?"

"గ్రహణం సార్."

ఆయన నవ్వి, "ఐదేండ్లల్ల ఇసుమంత గూడ మారలే. సూది వద్దు. రేపు మూడు ఫిల్ములు పట్కరా, నేను గూడ పక్కపక్కన పెట్టి సూస్త. ఆర్నెల్లకోసారి ఫొటో తీద్దాం. దుమ్ముకు దూరంగ ఉండమను, ఆయాసానికి మందులు రాస్త" అన్నారు.

స్పీకరులో అందరూ విన్నారు. అమ్మ కళ్లు మూసుకుని దేవునికి స్తోత్రం చెప్పుకుంది. బాపు మాత్రం కదలలేదు. తువ్వాల కొస చేతిలో నలుపుతూ నిలబడ్డాడు.

"మచ్చ పాతదైతెనే మంచిదా?"

"అవ్ బాపూ. పెరగకుంట అట్లనే ఉంటె అది మానిన పుండే."

"అంటుడు రోగం గాదా?"

"కాదు. టీబీ గూడ లేదని మొన్ననే వచ్చింది."

"ఇంట్ల పిల్లలకు అంటదు గదా? నా ఊపిరి తగిలినా?"

రెండోసారి అడిగాడు. మూడోసారీ అడిగాడు. అప్పుడు నాకు తువ్వాల కనిపించింది. గూట్లో వేరుగా పెట్టుకునే ఆయన గ్లాసు, అందరూ తిన్నాక విడిగా కూర్చునే ఆయన పళ్లెం, చాపిన ఆ చెయ్యి, అన్నీ కనిపించాయి. అన్న కొడుకును భుజం మీద మోసింది ఆ ఫిల్ముకు ముందు. నా కూతురు పుట్టింది దాని తర్వాత. ఇంత చిన్న లెక్క నాలుగేళ్లుగా నాకు తట్టలేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

బాపు తువ్వాల తీసి కిటికీ గూట్లో పెట్టి, నేల మీద గొంతుక్కూర్చున్నాడు. "శోభా, రా బిడ్డా" అని రెండు చేతులూ చాపాడు.

గుమ్మంలో ఆడుకుంటున్న శోభ లేచి నిలబడింది. గౌను అంచు పైకి లాగి మూతికి అడ్డం పెట్టుకుంది. రెండో చెయ్యి ముందుకు చాపి, "దూరం దూరం, తాతా" అంది నవ్వుతూ. దానికి అది ఆట. తాత నేర్పిన ఆట ఒక్కటే.

బాపు ముఖం చూడలేకపోయాను. ఆయన మళ్లీ పిలవలేదు. చాపిన చేతులు మాత్రం దించలేదు. శోభకే అనుమానం వచ్చినట్టుంది, గౌను వదిలేసి ఒక అడుగు వేసింది. ఆగి నన్ను చూసింది. నేను తలూపాను. ఇంకో అడుగు, ఇంకో అడుగు వేసి, వచ్చి ఆయన మెడ మీద చేతులేసింది.

ఆయన దాన్ని పట్టుకున్నాడు. కానీ మెడ నరాలు ఉబ్బి, ముఖం ఎర్రబడి, ఛాతీ కదలకుండా అలాగే ఉండిపోయాడు. గురువారం ప్లేటు ముందు నిలబడ్డట్టే.

దగ్గరికి పోయి భుజం తట్టాను.

"వదులు బాపూ" అన్నాను. "ఊపిరి వదులు."